గీతలున్నాయని వదిలేయకండి, అంచు చూడండి

1795 నుంచి 1834 మధ్యభాగం దాకా వచ్చిన అమెరికా బంగారు నాణేలు, ముఖ్యంగా 5 డాలర్ల హాఫ్ ఈగిల్ కొనాలనుకునేవాళ్లు సమాంతర గీతలు కనబడగానే కంగారు పడొద్దు. అప్పట్లో ఫిలడెల్ఫియా టంకశాలలో బిళ్ల బరువు ఎక్కువుంటే అచ్చు వేయకముందే ఆకురాయితో అరగదీసేవారు, అందుకే ఆ గీతలు అచ్చు ఒత్తిడికి కొంత అణిగిపోయి ఉంటాయి. తర్వాత పడిన గీతయితే ఉబ్బెత్తు బొమ్మ మీద నుంచే కోసుకుపోతుంది. భూతద్దంలో తేడా తెలిసిపోతుంది.

అసలు టెన్షన్ అంచుతోనే. ఇలాంటివాటికి కొక్కెం అతికించి లాకెట్లుగా వేసుకున్నవాళ్లున్నారు (మన కాసులపేరు సంగతి తెలిసిందేగా), ఆ టంకం తీసేసి నునుపు చేసినచోట అంచు మీది గాడులు చెదిరిపోతాయి, రంగూ తేడాగా ఉంటుంది. నాణేన్ని చుట్టూ తిప్పి చూడండి. బరువూ తూచండి, హాఫ్ ఈగిల్ అయితే 8.75 గ్రాములకి దగ్గరగా ఉండాలి. పీసీజీఎస్, ఎన్‌జీసీ (నాణేలని పరీక్షించి గ్రేడు ఇచ్చే అమెరికా సంస్థలు) డబ్బా మీద గ్రేడు అంకె లేకుండా ‘డీటెయిల్స్’ (అంటే నాణెం పాడైందనో, బాగుచేశారనో లెక్క) అని ఉంటే మామూలు రేటు ఇవ్వకండి.