పదిమంది అల్లిన దుప్పటి ముడతలు పడుతోందా?

తలా కొన్ని చదరపు ముక్కలు ఊలుతో అల్లారు. ముక్కలన్నీ చేరాయి, కలిపి కుట్టారు, నేలమీద పరిచారు. ఒకచోట ఉబ్బింది, ఇంకోచోట లాక్కుపోయింది. కంగారుపడి విప్పకండి. ముందు టేపు తీసి ఒక్కో ముక్కనూ కొలవండి. నిజానికి ఇది కుట్టకముందే చేయాల్సిన పని. ఎన్నిసార్లు చెప్పినా, ఏ రంగు పక్కన ఏది పెట్టాలన్న చర్చలో కొలత సంగతి గాలికి పోతుంది. ముక్కకు అర సెంటీమీటరే తేడా అనుకున్నా, 10 ముక్కల వరుసకు 5 సెంటీమీటర్లు!

కొలతలు కలవకపోతే

చేతి బిగుతో, సూదులో కారణం. 'ఎనిమిదో నంబరు సూదులు' అని చెప్పి ఊరుకోవద్దు. పాత బ్రిటిష్ లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు, అమెరికన్ లెక్కలో 5. మిల్లీమీటర్లలోనే చెప్పండి. చిన్న ముక్కల చుట్టూ క్రోషేతో ఒకట్రెండు వరుసలు వేస్తే సరిపోతాయి. పెద్దవాటిని విప్పి అల్లాల్సిందే. కొత్తవాళ్లకైతే మూల నుంచి మూలకు అల్లే ముక్క ఇవ్వండి. అంచు 15 సెంటీమీటర్లు వచ్చేదాకా కుట్లు పెంచి, అక్కణ్నుంచి తగ్గిస్తూ రావడమే. చేయి బిగుతైనా వదులైనా అంచు కొలత మీ చేతిలోనే ఉంటుంది.

ఉతికాక పాడైతే

అసలు దొంగ ఇక్కడున్నాడు. కొలతలు కలిశాయి, దుప్పటి చదునుగానే వచ్చింది. మొదటి ఉతుకు తర్వాత నాలుగైదు ముక్కలు మాత్రం దళసరిగా బిగుసుకుని చుట్టుపక్కలవాటిని లాగేస్తాయి. అందరూ కుట్టినావిడ మీద పడతారు. ఆవిడ తప్పేం లేదు పాపం, తప్పంతా ఊలుది.

ఇళ్లలో మిగిలిన ఉండలకు లేబుల్ ఉండదు. అక్రిలిక్ అనే కృత్రిమ దారం మధ్యలో అసలైన గొర్రె ఊలు కలిసిపోతుంది. వేడినీళ్లు, సబ్బు, రాపిడి తగిలితే దాని పోగుల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి, ఇక విడవవు. సూపర్‌వాష్ ఊలుకు (బిగుసుకోకుండా ముందే శుద్ధి చేసినది) ఈ బాధ లేదు, కాకపోతే తడిస్తే సాగొచ్చు. అనుమానం ఉంటే ఆ దారం రెండు కొసలను పురి విప్పి, తడిపి, ఒకదానిమీద ఒకటి పెట్టి అరచేతుల మధ్య గట్టిగా రుద్దండి. అతుక్కుని ఒకే దారమైందా, అది బిగుసుకునే ఊలే. అక్రిలిక్, సూపర్‌వాష్ అతుక్కోవు.

ఇంకా ఖాయమైన దారి, కుట్టకముందే ప్రతి ముక్కనూ మెషిన్‌లో వేయడం. దుప్పటి అందుకున్నవాళ్లు దాన్ని చల్లనీళ్లలో విడిగా నానబెడతారని ఆశపడకండి, మిగతా బట్టలతో కలిపే వేస్తారు. బిగుసుకున్న ముక్కను సాగదీసి లాభం లేదు. నాలుగు వైపులా కుట్టు విప్పి, తీసేసి, కొత్తది అల్లి పెట్టండి. అక్రిలిక్ ముక్కలను ఇస్త్రీపెట్టెతో నొక్కి సరిచేయబోకండి, వేడికి చచ్చుబడి జారిపోతాయి.

అంచులు చుట్టుకుంటున్నాయా? అది స్టాకింగ్ స్టిచ్ (ఒక వరుస సూటి కుట్లు, ఒక వరుస తిరగ కుట్లు) గుణం, కుట్టాక చాలావరకు సర్దుకుంటుంది. రంగు దిగడం అరుదు, ముక్కలను ముందే ఉతికితే అదీ అక్కడే బయటపడుతుంది.