చెన్నై ఎండల్లో రబ్ సైన్ స్టిక్కర్‌ను పరీక్షించే విధానం

వాహనంగానో మరో వస్తువుగానో మారే రోబో బొమ్మ, అంటే పాత ట్రాన్స్‌ఫార్మర్స్ బొమ్మ, చేతికి రాగానే దాని మీద అంటించి ఉన్న రబ్ సైన్ అనే చిన్న నల్ల స్టిక్కర్‌ను బొటనవేలితో రుద్ది చూడడం సేకరించేవారికి అలవాటు. వేలి వేడికి ఆ నలుపులోంచి ఆ రోబోల రెండు పక్షాల గుర్తులైన ఆటోబాట్ ముఖమో డిసెప్టికాన్ ముఖమో బయటపడితే బొమ్మ అసలుదని, పడకపోతే నకిలీదని అక్కడికక్కడే తేల్చేస్తారు. చలిదేశాల్లో ఈ పద్ధతి కొంతవరకు చెల్లుతుంది. మే నెలలో పెరంబూరులోని ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని ఇదే పని చేస్తే మాత్రం ఫలితం తప్పుగా వచ్చే అవకాశమే ఎక్కువ. ఇక్కడ రుద్దడానికి ముందు స్టిక్కర్‌ను చల్లబరచాలి.

ఈ సంగతి నేను నష్టపోయి తెలుసుకున్నాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ సముదాయంలో ఒక బొమ్మ కొని, ఇంటికి వచ్చి ఎంత రుద్దినా స్టిక్కర్ నల్లగానే ఉండిపోవడంతో, మోసపోయానని నిర్ధారించుకుని దాన్ని అట్టపెట్టెలో పడేశాను. డిసెంబరులో ఒక తెల్లవారుజామున ఇల్లు సర్దుతూ దాన్ని చేతిలోకి తీసుకుంటే, నా వేలు ఆనిన చోట ఎర్రటి ఛాయ లేచి, ఆకుపచ్చగా మారి, మధ్యలో ముఖం స్పష్టంగా కనిపించింది. అమ్మినతన్ని ఆరు నెలల పాటు అన్యాయంగా తిట్టుకున్నట్టు అప్పుడు అర్థమైంది.

ఈ స్టిక్కర్ ఎందుకు పుట్టిందో తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. జపాన్‌కు చెందిన టకారా సంస్థ డయాక్లోన్, మైక్రోమాన్ అనే బొమ్మల వరుసల కోసం చేసిన అచ్చులను తీసుకుని, అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో 1984లో తమ దేశంలో ట్రాన్స్‌ఫార్మర్స్‌ను విడుదల చేసింది. అవి విపరీతంగా అమ్ముడుపోవడంతో అనుకరణలు వెల్లువెత్తాయి. అసలు బొమ్మను పిల్లలు సైతం గుర్తుపట్టేలా 1985 నుంచి వేడికి స్పందించే ఈ రబ్ సైన్‌ను అంటించడం మొదలుపెట్టారు. అందువల్ల 1984 నాటి తొలి విడత బొమ్మపై రబ్ సైన్ లేకపోవడం లోపం కాదు, అదే పాత్ర 1985లో మళ్ళీ వచ్చినప్పుడు దానిపై ఉండవచ్చు. 1987లో వచ్చిన బాటిల్ బీస్ట్స్ బొమ్మల ఛాతీ మీద కూడా ఇలాంటి స్టిక్కరే ఉంటుంది గానీ, అది చూపేది నిప్పు, కట్టె, నీరు అనే ఆట గుర్తులలో ఒకదాన్ని.

వేడికి రంగు మారే పూతలు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది ద్రవ స్ఫటికాల రకం. 1888లో ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్ట్రాల్ సంబంధిత పదార్థాలలో గమనించిన వింత ప్రవర్తనే దీనికి మూలం. ఇందులోని అణువులు మెలితిరిగిన మెట్లలా అమరి ఉంటాయి. వేడి పెరిగేకొద్దీ ఆ మెలిక బిగుసుకుని, వెనక్కి తిప్పికొట్టే కాంతి ఎరుపు నుంచి ఆకుపచ్చకు, అక్కడినుంచి నీలానికి జరుగుతుంది. వేడి ఇంకా పెరిగితే అమరికే చెదిరిపోయి రంగు మాయమవుతుంది, అడుగున ఉన్న నలుపు తిరిగి కనిపిస్తుంది. చెన్నై చిక్కు ఇక్కడే ఉంది. చల్లటి గదిలో చేతివేలి వేడికి, అంటే సుమారు 32, 33 డిగ్రీలకు, రంగు చూపేలా తయారుచేసిన స్టిక్కర్ 37 డిగ్రీల గదిలో ఆ దశను ఎప్పుడో దాటేసి ఉండవచ్చు. అప్పుడు రుద్దితే వేడి పెరుగుతుందే తప్ప రంగు రాదు. రెండో రకం రంగు వేడికి పలచబడి అడుగున అచ్చువేసిన బొమ్మను చూపుతుంది, లేదా వేరే రంగులోకి మారుతుంది. వేన్నీళ్ళలో ఒక రంగు, చన్నీళ్ళలో ఒక రంగు చూపే హాట్ వీల్స్ కార్లను చూసినవారికి ఇది పరిచయమే.

ఇక పరీక్ష. ఏసీ ఉన్న గదిలో 24 డిగ్రీల దగ్గర బొమ్మను అరగంట ఉంచగలిగితే అంతకంటే మంచి మార్గం లేదు. ఏసీ లేకపోతే బొమ్మను, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకదాన్ని, జిప్ కవరులో పెట్టి గాలి తీసి మూయాలి. స్టీలు గ్లాసులో కుండనీళ్ళు పోసి, రెండు మూడు ఐసు ముక్కలు వేసి, గ్లాసు బయట పట్టే చెమటను పొడిగుడ్డతో తుడిచి, దాని పక్కభాగాన్ని కవరు మీదుగా స్టిక్కర్‌కు ఒక నిమిషం ఆనించాలి. గ్లాసు తీసి వెంటనే చూడాలి. ద్రవ స్ఫటికాల స్టిక్కర్ బతికి ఉంటే, అది తిరిగి వేడెక్కేటప్పుడు నలుపు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఆ వరుసలోనే పాకుతాయి. కొన్ని సెకన్లలోనే అయిపోతుంది కాబట్టి ఫోనులో వీడియో తీసుకుంటూ చేయడం మేలు. బొమ్మను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టకూడదు. మన సముద్రపు గాలిలోని తేమకు, బయటికి తీసిన మరుక్షణం దాని ఒంటినిండా నీరు పట్టి, స్టిక్కర్ అంచుల కిందికి దిగి జిగురును పాడుచేస్తుంది. హెయిర్ డ్రైయర్ ఊసే వద్దు.

రంగు వచ్చినంత మాత్రాన బొమ్మ అసలుదని అనుకోవద్దు. స్టిక్కర్‌ను ఒక బొమ్మ నుంచి ఊడదీసి మరొకదానికి అంటించడం కష్టమేమీ కాదు. అంచులు లేచి ఉన్నా, చుట్టూ జిగురు మరక ఉన్నా అనుమానించాలి. రాకపోయినా నకిలీ అనడానికి లేదు. నలభై ఏళ్ళ వయసున్న పూత ఎండకో తేమకో చచ్చిపోయి ఉండవచ్చు. అందుకే ప్లాస్టిక్ మీద పోతపోసిన అక్షరాలను భూతద్దంతో తప్పక చదవాలి. అక్కడ హాస్‌బ్రో, టకారా పేర్లు, తయారైన దేశం, ఏడాది ఉంటాయి. 1980 అని కనిపిస్తే కంగారు పడనక్కర లేదు, అది టకారా పాత అచ్చు హక్కుల ఏడాది. నకిలీలలో ఈ అక్షరాలు అలుక్కుపోయి ఉండడమో, సంస్థ పేరు ఉండవలసిన చోట ప్లాస్టిక్ నున్నగా ఉండడమో నేను ఎక్కువగా చూశాను. నా మట్టుకు నేను ఈ అక్షరాలకే స్టిక్కర్ కంటే ఎక్కువ విలువ ఇస్తాను.

శుభ్రం చేసేటప్పుడు శానిటైజర్, థిన్నర్, గోళ్ళరంగు తుడిచే ద్రవం స్టిక్కర్ దరిదాపులకు రానివ్వకూడదు. కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డ చాలు. పసుపెక్కిన తెల్ల ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి మేడ మీద ఎండబెట్టే అలవాటున్నవారు స్టిక్కర్ ఉన్న భాగాన్ని ముందే విడదీసి పక్కన పెట్టుకోవాలి. అది విడిరాని బొమ్మ అయితే పసుపునే భరించడం మంచిది. అద్దాల బీరువాను పడమటి కిటికీకి ఎదురుగా పెట్టకుండా, పరీక్షించిన ప్రతిసారీ తేదీని, గది ఉష్ణోగ్రతను, కనిపించిన రంగులను చీటీ మీద రాసి పెట్టెలో ఉంచితే, రేపు దాన్ని కొనేవారు మే నెలలో వచ్చి రుద్ది పెదవి విరిచినప్పుడు చూపించడానికి డిసెంబరు నాటి వీడియోతో పాటు ఆ చీటీ కూడా ఉంటుంది.