సీరియల్లో వదినగా, అత్తగా, నాయనమ్మగా నిలబడాలంటే ఏం చెయ్యాలి

మొన్న మా తెనాలి వైపు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. అక్కా నాకు నలభై దాటాయి, పిల్లలు కాలేజీకొచ్చారు, పరిషత్తుల్లో, అదే నాటక పోటీల్లో, ఆడిన అలవాటుంది, సీరియల్స్‌లో క్యారెక్టర్లు చేద్దామనుకుంటున్నా ఎలా రావాలి అని అడిగింది. గంటన్నర మాట్లాడా, పెట్టేశాక చూస్తే ముఖ్యమైనవి సగం చెప్పనేలేదు. అందుకే కూర్చుని రాస్తున్నా. నేను ఈ పనిలోకొచ్చి పద్దెనిమిదేళ్లయింది, వదినగా మొదలెట్టి పిన్ని, అత్త అన్నీ అయ్యి ఇప్పుడు నాయనమ్మ దగ్గర ఉన్నా.

ముందుగా ఒకటి పట్టుకోండి. క్యారెక్టర్ ఆర్టిస్టుకి మాట్లాడే పని కన్నా వినే పని ఎక్కువ. ఇంట్లో గొడవ సీన్ తీస్తున్నారనుకోండి, హాల్లో ఎనిమిది మందిమి నిలబడతాం, డైలాగులు ఇద్దరికో ముగ్గురికో ఉంటాయి, కానీ అందరూ కనపడేలా తీసే మాస్టర్ షాట్ అయ్యాక కెమెరా ఒక్కొక్కరి మొహం మీదకీ వస్తుంది, ఎవరి రియాక్షన్ వాళ్లది విడిగా తీసుకుంటారు. ఎడిటింగ్‌లో మీరు మిగిలేది ఆ రెండు మూడు సెకన్ల మొహం వల్లే. నాటకం నుంచి వచ్చినవాళ్లం ఇక్కడే దెబ్బతింటాం, చివరి వరసలో కూర్చున్నవాడికి కనపడాలని అలవాటు కదా, కళ్లు పెద్దవి చేస్తాం, మెడ ఎత్తుతాం, గుండె మీద చెయ్యేస్తాం, క్లోజప్‌లో అది మూడింతలై కనపడుతుంది. ఇంట్లో ఎవరిచేతైనా ఒక సీన్ చదివించుకుని, ఫోన్ మీ మొహానికెదురుగా పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా రికార్డ్ చేసుకుని చూసుకోండి. రోజుకి పావుగంట, నెల రోజులు. ఇంతకన్నా మంచి యాక్టింగ్ క్లాసు నాకు తెలీదు.

ఇంకోటి, సీన్ పేపర్ చాలాసార్లు ఆ రోజు పొద్దున్నే చేతికొస్తుంది, అదీ వరసలో రాదు. రేపటి ఎపిసోడ్‌లో సీను, వచ్చేవారం సీను ఒకే సోఫాలో గంట తేడాతో తీసేస్తారు. అందుకని మేకప్ వేసుకుంటూనే కో డైరెక్టర్‌ని ఒక్క ప్రశ్న అడగండి, ఈ విషయం నా క్యారెక్టర్‌కి ఇప్పటికే తెలుసా, ఇప్పుడే తెలుస్తోందా అని. నేను మొదటి సంవత్సరంలో అడగలేదు. కోడలు గర్భవతి అనే సంగతి హాల్లో బయటపడే సీన్, నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆశ్చర్యపోయి కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నా, అందరూ బాగుందన్నారు. టెలికాస్ట్ చూస్తే ఆ సీన్‌కి రెండు ఎపిసోడ్ల ముందే నేనే ఆ రిపోర్టు చదివి బీరువాలో దాచాను! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత నుంచి చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నా, సీన్ నంబరు, ఏ చీర, ఎన్ని గాజులు, నా పాత్రకి అప్పటికి ఏం తెలుసు, ఎవరి మీద కోపంగా ఉంది, ఇవే రాసుకుంటా. ఇప్పటికి ఇరవై పైనే నోట్‌బుక్కులయ్యాయి.

ప్రాంప్టింగ్ గురించి కూడా చెప్పాలి, బయటివాళ్లకి ఇది తెలీదు. మన డైలీ సీరియల్స్‌లో ఎక్కువ చోట్ల డైలాగులు బట్టీ పట్టే టైమ్ ఉండదు, అసిస్టెంట్ డైరెక్టర్ పక్కనుంచి చదువుతుంటారు, మనం అందుకుని చెప్పాలి. మొదట్లో చెవి అటు పోతుంది, చెవితో పాటు కళ్లు కూడా పోతాయి, ఎదురుగా ఉన్న ఆర్టిస్టుని చూడాల్సింది పోయి గోడ వైపు చూస్తుంటాం. దీనికి మందు ఒకటే, రేడియోలో వార్తలు పెట్టుకుని ఒక ముక్క వెనకగా మీరూ చెప్తూ ఉండండి, వంట చేస్తూ చెప్పండి, కూర తరుగుతూ చెప్పండి, చేతులు ఒక పని నోరు ఒక పని చెయ్యడం అలవాటవ్వాలి. ఇంకా కష్టం ఏంటంటే హీరోయిన్లు చాలామంది బెంగళూరు నుంచో కేరళ నుంచో వస్తారు, తెలుగు ఇంకా రాని వాళ్లు విన్నది విన్నట్టు పలుకుతారు, వాళ్లకి డబ్బింగ్ వేరేవాళ్లు చెప్తారు. కార్తీకదీపం వంటలక్క ప్రేమీ విశ్వనాథ్ గారు కూడా మలయాళీనే, ఆ సీరియల్ 1500 ఎపిసోడ్లు దాటి ఆడింది, తెలుగు ఇళ్లల్లో ఆమెని సొంత ఆడపడుచులా చూసుకున్నారు. కాబట్టి పక్క రాష్ట్రం వాళ్లని తక్కువగా చూడొద్దు, వాళ్ల మాట మీకు సరిగ్గా అర్థం కాకపోయినా మీ కళ్లు మాత్రం వాళ్ల కళ్లల్లోనే ఉండాలి. మీకు తెలుగు స్పష్టంగా వచ్చు కాబట్టి నా డబ్బింగ్ నేనే చెప్పుకుంటానని మొదట్లోనే అడగండి, కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. మీ గొంతు పోతే మీ పాత్రలో సగం పోయినట్టే.

పని దొరకడం విషయానికొస్తే, ఫోటోలకి వేలకి వేలు పోసి పోర్ట్‌ఫోలియో అక్కర్లేదు. పగటి వెలుతురులో కాటన్ చీరలో ఒకటి, పట్టు చీరలో ఒకటి, మేకప్ అసలు లేకుండా మొహం ఒకటి, నిలువెత్తు ఒకటి. ఒక నిమిషం వీడియో, పేరు ఊరు చెప్పి రెండు రకాల డైలాగులు, ఒకటి ప్రేమగా ఒకటి కోపంగా. వయసు దాచొద్దు, మన బలమే వయసు. తెల్ల వెంట్రుకలు కనిపిస్తే ఉంచండి, నాయనమ్మ వేషానికి డై వేసుకొచ్చినావిడకి పౌడర్ కొట్టి తెల్ల చెయ్యడం మేకప్‌మాన్‌కి ఎంత తలనొప్పో నేను చూశా. యాస వస్తే తప్పకుండా చెప్పండి, గుంటూరు, గోదావరి, సీమ, తెలంగాణ, ఏదైనా నిజంగా మీ ఇంట్లో మాట్లాడేది అయితేనే. ఆడిషన్‌కి డబ్బులు కట్టమన్నా, యూనియన్ కార్డు ఇప్పిస్తా లక్ష ఇమ్మన్నా వెంటనే బయటికొచ్చెయ్యండి, పని ఇచ్చేవాడు మీకు డబ్బులిస్తాడు గానీ అడగడు. వేషాలు కుదిర్చే కోఆర్డినేటర్ కమీషన్ వేరే సంగతి, అది పేమెంట్ వచ్చాక ఇచ్చేది, ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకోండి.

హైదరాబాద్‌లో చాలామంది కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, ఇందిరానగర్ వైపే రూములు తీసుకుంటారు, అక్కడుంటే సారథి స్టూడియోకి, అన్నపూర్ణకి దగ్గర. మణికొండ వైపు బంగళాల్లో షూటింగులు బాగా జరుగుతాయి, రామోజీ ఫిల్మ్ సిటీ మాత్రం ఊరికి ఇంకో చివర విజయవాడ రోడ్డులో ఉంటుంది, అక్కడ కాల్ షీట్, అంటే మన షూటింగ్ తేదీ, ఉంటే బండి ఎక్కడ ఎక్కాలో ముందురోజు రాత్రే ప్రొడక్షన్ మేనేజర్‌ని అడిగి పెట్టుకోండి.

బట్టలు మనవే. ఇది విని చాలామంది ఆశ్చర్యపోతారు. హీరోయిన్‌కి కాస్ట్యూమ్ డిజైనర్ ఉండొచ్చు, మన చీరలు మాత్రం చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి, రోజుకి మూడు నాలుగు చేంజ్‌లు. కొత్త చీరలు కొనేసి అప్పులపాలు కావొద్దు. చిన్న అంచు ఉన్న కాటన్‌లు, రెండు మూడు సిల్కులు, పండగ సీన్లకి ఒక పట్టు, చావు సీన్‌కి తెల్లటిది ఒకటి. సన్న గళ్లూ సన్న చారలూ ఉన్నవి వద్దు, కెమెరాలో మెరిసి ఆడతాయి. చీర కట్టుకున్నాక ఫోన్‌లో ముందూ వెనకా ఫోటో తీసుకోండి, పది రోజుల తర్వాత అదే సీన్ మిగతా సగం తీస్తే బొట్టు సైజు దగ్గర్నుంచి పమిట ఎన్ని కుచ్చిళ్లో అన్నీ కలవాలి. కంటిన్యూటీ చూసేవాళ్లు ఉంటారు నిజమే, కానీ వాళ్లకి పదిమంది ఆర్టిస్టులు, మీకు మీరొక్కరే.

డబ్బు విషయం మొహమాటం లేకుండా రాస్తున్నా. మనకి రోజు లెక్క, నెలలో ఒక సీరియల్‌కి కొన్ని రోజులే ఉంటుంది, ట్రాక్, అంటే అప్పుడు నడిచే కథ, మన మీద లేకపోతే రెండు రోజులూ ఉండొచ్చు. చెక్కు పని చేసిన నెలలోనే రాదు, రెండు మూడు నెలలు పట్టడం మామూలే. నాకు ఒక ప్రొడక్షన్ వాళ్లు పదకొండు రోజుల పేమెంట్ ఇవ్వనేలేదు, నోటిమాట మీద చేశా, ఏ రోజు వెళ్లానో కూడా సరిగ్గా చెప్పలేకపోయా. అప్పట్నుంచి రోజూ ప్యాకప్ చెప్పగానే మేనేజర్‌కి వాట్సాప్‌లో తేదీ, వచ్చిన టైమ్, వదిలిన టైమ్ పంపిస్తా, ఆయన ఓకే అని కొడితే అదే నా రసీదు. పేమెంట్‌లో టీడీఎస్ అని ఆదాయపు పన్ను కింద ముందే పది శాతం కోస్తారు, చాలామంది అది పోయిందనుకుని వదిలేస్తారు, రిటర్న్ వేస్తే మీ ఆదాయాన్ని బట్టి వెనక్కి వస్తుంది. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన లేకుండా ఉద్యోగం మానేసి రావొద్దు. 2020 మార్చిలో షూటింగులు ఆగిపోయి జూన్ దాకా మొదలవ్వలేదు, మా బిల్డింగ్‌లోనే ఇద్దరు ఆర్టిస్టులు రూములు ఖాళీ చేసి ఊళ్లకి వెళ్లిపోయారు, ఒకాయన తిరిగి రాలేదు.

ట్రాక్ ఆగిపోవడం కూడా మన జీవితంలో భాగమే. దూరదర్శన్ రోజుల్లో పదమూడు ఎపిసోడ్ల లెక్కన వచ్చే సీరియల్స్ ఉండేవి, మొదలూ చివరా తెలిసేది. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక మెల్లగా అంతా డైలీ అయింది, ఇప్పుడు గురువారం రేటింగ్ వచ్చాక కథ మారుతుంది, కథ మారితే పిన్ని ఊరెళ్లిపోతుంది. ఎవరూ మీకు ఫోన్ చేసి మీ పాత్ర అయిపోయిందని చెప్పరు, డేట్స్ అడగడం మానేస్తారంతే. అప్పుడు సెట్‌కి వెళ్లి గొడవ పడొద్దు, ఆ డైరెక్టరే రేపు ఇంకో సీరియల్ మొదలెడతాడు. ఒకేసారి రెండు సీరియల్స్ చేస్తుంటే ఒకే తేదీ ఇద్దరికీ ఇవ్వొద్దు, ఒక్కసారి అలా చేసి ముప్పై మంది యూనిట్‌ని ఎదురుచూసేలా చేస్తే ఆ మాట వారంలో కృష్ణానగర్ అంతా తిరుగుతుంది.

ఖాళీ వచ్చినప్పుడు కంగారు పుడితే నేను ప్రదీప్ గారిని తలుచుకుంటా. 1981లో ముద్దమందారంలో హీరో, తర్వాత టీవీలో బోలెడు పని చేశారు, 2019లో ఎఫ్ 2 సినిమాలో అంతేగా అంతేగా అని ఒక్క చిన్న మాట మళ్లీ మళ్లీ అంటే రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ మాటే పట్టుకున్నాయి. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం ఒకసారి జాగ్రత్తగా చూడండి, ఆ పెద్దమనిషి ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఏం భరించాడో మొత్తం కనపడుతుంది. నేను పైన చెప్పిన రియాక్షన్ అదే.

ఆరోగ్యం కొంచెం చూసుకోండి, సౌండ్ కోసం ఏసీ ఆపేస్తారు, లైట్ల కింద పట్టుచీరలో గంటలు నిలబడాలి, బీపీ షుగర్ మాత్రలు సంచీలోనే ఉండాలి, కాళ్లకి మెత్తటి చెప్పులు.

ఫోన్ చేసిన అమ్మాయికి శనివారం ఆడిషన్ ఉంది, మేనత్త క్యారెక్టర్. తెల్లవారే సరికి సికింద్రాబాద్‌లో దిగుతుంది, మా ఇంటికే రమ్మన్నా. కనకాంబరం రంగు నేత చీర ఒకటుందంటే అది ఇస్త్రీ చేసి తెచ్చుకో, మొహానికి ఏమీ రాసుకోకు, దార్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వార్తలు వింటూ ఒక ముక్క వెనకగా చెప్పుకుంటూ రా అని చెప్పా.