ఇంగ్లండ్‌లో పాత ఫర్నిచర్: వేలానికి వెళ్లేముందు

ఇంగ్లండ్‌లో అన్‌ఫర్నిష్డ్ ఇల్లు అద్దెకు తీసుకుంటే లోపల కూర్చోడానికి కుర్చీ కూడా ఉండదు. ఆ కంగారులో మొదటి వారమే కొత్త సామాను అంతా కొనేయకండి. దగ్గర్లోని చిన్న టౌన్లలో ఆక్షన్ హౌస్‌లు, అంటే వేలం పాట జరిపే సంస్థలు ఉంటాయి. వాటిలో మామూలు ఇంటి సామాను అమ్మే ‘జనరల్ సేల్’ ఎప్పుడో కనుక్కోండి. ముదురు రంగు పాత చెక్క సామానుకి ఇక్కడ గిరాకీ బాగా పడిపోయింది, దాన్ని ‘బ్రౌన్ ఫర్నిచర్’ అంటారు. గట్టి ఓక్ చెక్క సొరుగుల బీరువా, రంపపు పొట్టుని జిగురుతో అతికించి చేసిన కొత్తదానికంటే చవగ్గా దొరికే సందర్భాలు చాలా ఉన్నాయి.

వేలానికి ముందు ‘వ్యూయింగ్’ రోజు, అంటే సామాను దగ్గరగా చూసుకోనిచ్చే రోజు ఉంటుంది. నా దృష్టిలో అసలు పని ఆ రోజుదే. ఫోటో చూసి పాట పాడకండి. ప్రతి సొరుగూ బయటికి లాగండి. మూలల్లో చెక్క పళ్లు ఒకదాంట్లో ఒకటి బిగిసి ఉంటే మంచి పనితనం. వెనకవైపు, అడుగున టార్చి వేసి చూడండి. గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, వాటి కింద తాజా పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపలే తొలుస్తోందని అర్థం. అది ఇంట్లోకి వద్దు. ‘జీ ప్లాన్’ అనే బ్రిటిష్ బ్రాండ్ బల్లలు చూడగానే టేకు అని మనకి మనసు లాగుతుంది కానీ చాలావాటికి పైపొర మాత్రమే టేకు. అయినా గట్టిగానే ఉంటాయి. సోఫా అయితే 1988 అగ్ని భద్రత నిబంధనల ప్రకారం ఉండాల్సిన ఫైర్ లేబుల్ కోసం వెతకండి. 1950కి ముందు చేసినవాటికి ఆ నిబంధనలు వర్తించవు. పిల్లలున్న ఇంట్లోకి లేబుల్ లేని సోఫా తేవద్దనే నా సలహా.

ఇక డబ్బు. మన ఊళ్లో లడ్డూ వేలంలో పాడినంతే కడతాం. ఇక్కడ పాట ముగిసిందని సుత్తి కొట్టిన ధర మీద ‘బయ్యర్స్ ప్రీమియం’, అంటే కొన్నవాళ్ల దగ్గర ఆక్షన్ హౌస్ తీసుకునే రుసుము ఉంటుంది, ఆ ప్రీమియం మీద 20 శాతం వ్యాట్ పన్ను. ప్రీమియం 25 శాతం అనుకుంటే, 60 పౌండ్లకి పాడిన టేబుల్‌కి మీరు కట్టేది 60, 15, 3 కలిపి 78 పౌండ్లు. ఆన్‌లైన్‌లో పాడితే ఆ వెబ్‌సైట్ ఫీజు కూడా పడొచ్చు. అందుకే మీ చివరి అంకె ఈ లెక్కంతా వేసుకుని ముందే కాగితం మీద రాసుకోండి. గంటకి వంద లాట్లు (వేలంలో ఒక్కో నంబరు కింద అమ్మే సామాను) సాగడం మామూలే. ‘ఒకటోసారి, రెండోసారి’ అంటూ ఆగరు, ఆలోచించేలోపు సుత్తి పడిపోతుంది. టెన్షన్‌గా ఉంటే ‘కమిషన్ బిడ్’, అంటే మీ చివరి అంకె ముందే రాసిచ్చి రండి, మీ తరఫున ఆక్షన్ హౌస్ వాళ్లే పాడతారు. పేరు నమోదుకి ఫోటో గుర్తింపు కార్డు, చిరునామా రుజువు తీసుకెళ్లండి.

కొన్నాక రెండు మూడు రోజుల్లో సామాను తీసుకెళ్లమంటారు, ఆలస్యమైతే నిల్వ ఛార్జీ వేస్తారు. కాబట్టి వ్యాన్ ముందే మాట్లాడుకోండి. ఇక్కడి పాత వరస ఇళ్లలో మెట్లు చాలా ఇరుకు. మేము కొన్న వార్డ్‌రోబ్ మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుని, ఏడాదంతా కింద హాల్లోనే ఉండిపోయింది. ఇంటి తలుపు, మెట్ల మలుపు కొలతలు ఫోన్లో రాసుకుని టేపు పట్టుకుని వెళ్లండి. బల్ల కాళ్లు ఊడి వస్తాయో లేదో చూసే రోజే అడగండి. తెచ్చే రోజు స్క్రూడ్రైవర్, రెండు పాత దుప్పట్లు వెంట ఉంచుకోండి.