హార్మోన్ గర్భనిరోధకాలు: పోల్చి ఎంచుకోవడం ఎలా? – మూడో పాఠం

పోయిన పాఠంలో వీటిని రెండు గుంపులుగా విడదీశాం. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నవి: మామూలు పిల్, చర్మానికి అంటించే ప్యాచ్, యోనిలో పెట్టుకునే రింగ్. ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్నవి: మినీ పిల్, మూడు నెలల ఇంజెక్షన్, చేతి చర్మం కింద పెట్టే ఇంప్లాంట్, గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్. ఆ రెండు జాబితాలూ పక్కన పెట్టుకుని ఇది చదవండి.

అందరూ ముందు అడిగేది, ‘బాగా పనిచేసేది ఏది?’ అని. దీనికి ఒక్కో పద్ధతికీ రెండేసి జవాబులుంటాయి. పిల్ ఒక్కరోజూ తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో 1000 మందిలో 3 మందికి గర్భం వస్తుంది. మామూలుగా జనం వాడే తీరు చూస్తే 70 మందికి దాకా వస్తుంది. మాత్ర మారలేదు, మతిమరుపు, ప్రయాణాలు, వేళకి అయిపోయిన స్ట్రిప్ మధ్యలో దూరాయి. ఇంజెక్షన్‌కి ఆ అంకెలు 2, 40. ఇంప్లాంట్‌కి రెండూ ఒకటే, 1000కి ఒకరు. లూప్‌లోనూ తేడా దాదాపు లేదు, పెట్టించుకున్నాక గుర్తుపెట్టుకోవాల్సిన పనేమీ ఉండదు కాబట్టి. నేనైతే రెండో అంకెనే చూడమంటాను.

మాత్ర మర్చిపోతే ఏం చేయాలో తెలిస్తే పిల్ మీకు కుదురుతుందో లేదో కూడా తెలిసిపోతుంది. రాత్రి 9కి వేసుకోవాల్సింది పొద్దున గుర్తొచ్చిందా? వెంటనే వేసుకుని, ఆ రాత్రిది మామూలు వేళకే వేసుకోండి. టెన్షన్ అక్కర్లేదు. వరుసగా రెండు, అంతకన్నా ఎక్కువ తప్పితే ఆఖరుగా తప్పినది ఒక్కటి వేసుకుని, మిగతా తప్పినవి వదిలేసి, ఏడు రోజులు కండోమ్ వాడాలి. స్ట్రిప్‌లో హార్మోన్ మాత్రలు ఏడుకన్నా తక్కువ మిగిలి ఉంటే, అవి అయ్యాక విరామం లేకుండా కొత్త స్ట్రిప్ మొదలుపెట్టాలి. తప్పినవి మొదటి వారంలోవై, ఈ మధ్యే శారీరకంగా కలిసి ఉంటే, ఎమర్జెన్సీ పిల్ గురించి ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని అడగాలి. మినీ పిల్‌కి వేళ ఇంకా కచ్చితం: పాత రకానికి 3 గంటలే గడువు, డెసోజెస్ట్రెల్ అనే ప్రొజెస్టిన్ ఉన్న రకానికి 12 గంటలు.

ఇక ఈస్ట్రోజన్ ఎవరికి వద్దు? రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారికి, బీపీ ఎక్కువున్నవారికి, 35 దాటి సిగరెట్ తాగేవారికి, కాన్పయి మూడు వారాలు నిండనివారికి. మైగ్రేన్ ఉన్నవారు ఒకటి గమనించుకోవాలి: తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులో, వంకర గీతలో కనిపిస్తుంటే అది డాక్టర్‌కి తప్పక చెప్పాలి. అలాంటివారికి ఈస్ట్రోజన్‌తో పక్షవాతం ముప్పు పెరుగుతుంది. రొమ్ము క్యాన్సర్ ఉంటే రెండు గుంపులూ వద్దు.

చాలామంది పద్ధతి మానేసేది గర్భం వచ్చి కాదు, బ్లీడింగ్ తీరు నచ్చక. ఇంప్లాంట్‌తో ఎప్పుడు కనిపిస్తుందో చెప్పలేం, తీయించుకునేవారిలో ఎక్కువమంది చెప్పే కారణం అదే. ఇంజెక్షన్‌తో మొదట్లో అస్తవ్యస్తంగా ఉండి, ఏడాది గడిచేసరికి సుమారు సగం మందికి నెలసరి ఆగిపోతుంది. అలా ఆగితే ప్రమాదం లేదు. హార్మోన్ లూప్ బ్లీడింగ్‌ని బాగా తగ్గిస్తుంది.

మానేశాక సంగతి కూడా చూడాలి. ఇంజెక్షన్ ప్రభావం పోవడానికి నెలలు పడుతుంది. చివరి డోసు తర్వాత గర్భం రావడానికి పది నెలలో, అంతకంటే ఎక్కువో పట్టొచ్చు. మిగతావాటితో అంత ఆలస్యం ఉండదు. టీబీకి రిఫాంపిసిన్, ఫిట్స్‌కి కార్బమజెపైన్ లాంటివి వాడుతుంటే పిల్, మినీ పిల్, ప్యాచ్, రింగ్, ఇంప్లాంట్ బలం తగ్గుతుంది. ఇంజెక్షన్, లూప్ అలాగే పనిచేస్తాయి. సుఖవ్యాధుల నుంచి మాత్రం వీటిలో ఏదీ కాపాడదు. దానికి కండోమ్ ఉండాల్సిందే.

అభ్యాసం. వయసు 38, సిగరెట్ అలవాటు, నైట్ షిఫ్టులు, నెలసరిలో బ్లీడింగ్ ఎక్కువ, ఏడాదిన్నరలో బిడ్డ కావాలి. ఈస్ట్రోజన్ గుంపు మొదటే పోయింది. ఇంజెక్షన్ ఆలస్యం వల్ల పోయింది. వేళాపాళా లేని నిద్రతో మినీ పిల్ కష్టం. మిగిలిన రెండిట్లో బ్లీడింగ్ చూస్తే లూప్ ముందుంటుంది, కాకపోతే ఆ ఎక్కువ బ్లీడింగ్‌కి కారణం ఏమిటో ముందు పరీక్ష చేయించుకోవాలి.

రెండోది మీరు చేయండి: వయసు 24, ఫిట్స్‌కి కార్బమజెపైన్ వాడుతోంది, ఐదేళ్లదాకా పిల్లలు వద్దనుకుంటోంది, లోపల ఏదీ పెట్టించుకోవడం ఇష్టం లేదు. జవాబు వచ్చే పాఠంలో, ఎమర్జెన్సీ పిల్‌తో పాటు.