స్కేలు లెక్క సరిగ్గానే ఉంది, శృతి మాత్రం కలవట్లేదా?

సమస్య: కింది స్వరాలు ఎడంగా, పైవి ఇరుగ్గా వినిపిస్తున్నాయి.
కారణం: 440 నుంచి 880 హెర్ట్జ్ దాకా ఉన్న తేడాని 12తో భాగించి, మెట్టుకి 36.67 చొప్పున కూడుకుంటూ పోయారు. చెవి పట్టుకునేది తేడాని కాదు, నిష్పత్తిని. స్వరాల మధ్య నిష్పత్తిని సెంట్లలో కొలుస్తారు. స్థాయికి (ఆక్టేవ్, అంటే రెట్టింపు హెర్ట్జ్‌కి) 1200 సెంట్లు కాబట్టి ప్రతి మెట్టూ 100 సెంట్లుండాలి. కూడితే మొదటి మెట్టు దాదాపు 139, చివరిది 74 అవుతాయి.
పరిష్కారం: మెట్టు సంఖ్యని 12తో భాగించి, 2ని ఆ ఘాతానికి హెచ్చించి, 440తో గుణించండి.

సమస్య: గుణించినా పై షడ్జమం 880కి బదులు 875.4 దగ్గర ఆగింది.
కారణం, పరిష్కారం: మెట్టు నిష్పత్తిని 1.059 అని కుదించి పన్నెండుసార్లు గుణించారు. ప్రతి స్వరాన్నీ పై సూత్రంతో నేరుగా 440 నుంచే లెక్కగట్టండి.

సమస్య: స్థాయిని 24 సమాన భాగాలు చేశాను. పంచమం మీద పంచమం వేసుకుంటూ పోతే 12 స్వరాలే వస్తున్నాయి.
కారణం: 24లో పంచమం (3/2 నిష్పత్తి) 14 మెట్లు. 14, 24ల గ.సా.భా. 2. అందుకే గొలుసు సరి సంఖ్యల మీదే తిరిగి మొదటికొస్తుంది.
పరిష్కారం: 24తో గ.సా.భా. 1 అయ్యే అడుగు తీసుకోండి. 11 మెట్లు (550 సెంట్లు) బావుంటుంది, 11/8 నిష్పత్తికి అది సెంటున్నర లోపే.

సమస్య: 53 భాగాల్లో పంచమం అద్భుతం, గాంధారం మాత్రం గరగరలాడుతోంది.
ఇది చాలామందిని తికమక పెట్టేదే. 53లో పంచమం 31 మెట్లు, 3/2 నిష్పత్తికి సెంటులో పదో వంతు తేడా కూడా లేదు. దాంతో గాంధారం కూడా అంత శుద్ధంగా ఉంటుందని నమ్మేస్తాం.
కారణం: నాలుగు పంచమాలు 124 మెట్లు. రెండు స్థాయిలు, అంటే 106 తీసేస్తే 18 మిగులుతాయి. 18 మెట్లంటే 407.5 సెంట్లు. చెవి అడిగే 5/4 గాంధారం 386.3 మాత్రమే. పంచమం ఎంత శుద్ధమైతే గొలుసులో వచ్చే గాంధారం అంత ఎక్కేస్తుంది. తప్పు విభజనది కాదు, గొలుసుది.
పరిష్కారం: 17వ మెట్టు (384.9) తీసుకోండి. దాంతోపాటు ధైవత నిషాదాల్నీ ఒక్కో మెట్టు దించాలి. మేజర్ స్కేలు 0, 9, 18, 22, 31, 40, 49 కాకుండా 0, 9, 17, 22, 31, 39, 48 అవుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది: రిషభం నుంచి ధైవతానికి ఇప్పుడు 30 మెట్లే, ఆ పంచమం చెడిపోయింది. షడ్జమం మీదే నిలిచే సంగీతానికి ఫర్వాలేదు. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుస్తూ పోయేవాళ్లకి మాత్రం నేను 31 భాగాలే చెప్తాను. అక్కడ నాలుగు పంచమాల గొలుసు 10వ మెట్టుకి, అంటే 387.1 సెంట్లకి నేరుగా చేరుతుంది. పంచమం 5 సెంట్లు తగ్గుతుంది, భరించొచ్చు.