కుండీలో తులసి – 3వ పాఠం: నీళ్లు, వెన్నులు

రెండో పాఠంలో 10 అంగుళాల మట్టికుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు ఇసుక కలిపి నారు నాటారు. ఇప్పుడది జానెడు ఎత్తుకు వచ్చి ఉండాలి.

ఇళ్లలో తులసి ఎండి చచ్చేది తక్కువ, నీళ్లెక్కువై చచ్చేదే ఎక్కువ. పొద్దున్నే చెంబెడు నీళ్లు పోయడం మన అలవాటు. మట్టి ఆరకముందే రోజూ పోస్తే వేళ్లకు గాలి అందక కుళ్లుతాయి. తిరకాసు ఎక్కడంటే, వేరు కుళ్లినా ఆకులు దాహమేసినట్టే వాలతాయి. అది చూసి ఇంకో చెంబు పోస్తాం! చూపుడువేలు ఒక కణుపు లోతు మట్టిలోకి దించండి. తడి తగిలితే ఆ రోజు పూజకు ఉద్ధరిణెడు నీళ్లు చాలు. పొడిగా ఉంటే అడుగు రంధ్రంలోంచి కారేదాకా, సుమారు అర లీటరు పోయండి. కింది పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. మొక్క మొదలు దగ్గర ఆవుపాలూ గేదెపాలూ పోయకండి, చీమలు చేరతాయి. వాటి వెనకే పిండినల్లి, అంటే తెల్లపిండిలా పట్టే పురుగు. దాని సంగతి వచ్చే పాఠంలో.

హైదరాబాద్ మే ఎండకు డాబా మీది కుండీకి రెండు పూటలా నీళ్లు, మధ్యాహ్నం గ్రీన్ నెట్ నీడ కావాలి. డిసెంబరు, జనవరిలో రెండు మూడు రోజులకోసారి చాలు. చలికి కొన్ని ఆకులు రాలితే కంగారొద్దు. బోరు నీళ్లు పోసే ఇళ్లలో మట్టి పైన తెల్లపొర కడుతుంది. అది ఉప్పు. పైమట్టి అంగుళం మేర తీసి కొత్తది వేయండి. వానాకాలంలో కుండీని వానకు పెడితే మిగిలిన ఉప్పు కిందికి కొట్టుకుపోతుంది.

ఇక తుంచడం. ఆరు జతల ఆకులు వచ్చాక, నాలుగో జతకు కాస్త పైన తల తుంచండి. ఆ రెండాకుల మొదళ్లలోంచి రెండు కొమ్మలు లేస్తాయి. వెన్ను, అంటే పూలకంకి, కనిపించగానే దాని కింది ఒక జత ఆకులతో సహా గిల్లేయండి. గింజ కట్టనిస్తే కొత్త ఆకు చిన్నదై, కాండం కట్టెబారుతుంది. శుక్రవారం, ద్వాదశి తుంచకూడదనే ఇళ్లవాళ్లు ముందురోజే కానివ్వండి, మొక్కకేం పట్టింపు లేదు. విత్తనానికి రెండు వెన్నులు వదిలి, గోధుమరంగుకు ఎండాక అరచేతిలో నలపండి. ఆవగింజకన్నా చిన్న గింజలు రాలతాయి. ఒకేసారి మూడో వంతుకు మించి కోయొద్దు. ఆకు లేని ముదురు కట్టె దాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రావడం అనుమానమే.